తాంబోపాటా చిలకల ట్రిప్: లాడ్జి ఫోటోలు కాదు, గైడ్‌ని చూసి బుక్ చేస్కోండి

పెరూ వెళ్ళే మనవాళ్ళు చాలామంది మాచు పిచ్చు చూసేసి వెనక్కొచ్చేస్తారు, కానీ కుస్కో నుంచి గంట ఫ్లైట్‌లో ప్యూర్టో మాల్డొనాడో వస్తుంది, అక్కణ్ణుంచి పడవ ఎక్కితే తాంబోపాటా రిజర్వ్, అసలైన అమెజాన్ అడవి. మేం వెళ్ళింది చుంచో అనే మట్టి గట్టు దగ్గరికి, మట్టి తినడానికి అక్కడికొచ్చే మకావ్‌లని, అంటే పొడుగు తోకల పెద్ద రంగురంగుల చిలకల్ని చూడ్డానికే. ఇలాంటి గట్లని అక్కడ కోల్పా అంటారు.

ఇంకా చీకటి ఉండగానే లేపి పడవెక్కిస్తారు, నది మీద గాలికి బాగా చలేస్తుంది, జాకెట్ తప్పనిసరి. గట్టుకి ఎదురుగా నది మధ్యలో రాళ్ళ దిబ్బ మీద చిన్న స్టూళ్ళు వేసి కూర్చోబెట్టారు. ముందు చిన్న చిలకలు వచ్చాయి, నీలం తలవి, ఆకుపచ్చవి, ఒకటే గోల. తర్వాత మకావ్‌లు జంటలు జంటలుగా వచ్చి చెట్ల మీద వాలి చాలాసేపు కిందకి దిగకుండా చూస్తూ ఉంటాయి, ఒక్కటి ధైర్యం చేసి దిగిందంటే ఇక మిగతావన్నీ దిగిపోతాయి, గట్టంతా ఎరుపు నీలం పసుపు అయిపోయింది, నాకైతే నోట మాట రాలేదు. అంతలో పైన డేగ తిరిగితే చాలు, అన్నీ ఒక్కసారే అరుస్తూ లేచిపోతాయి, ఆ చప్పుడు వినాల్సిందే.

మా గైడ్ అక్కడే పుట్టి పెరిగిన అబ్బాయి, టెలిస్కోప్ పెట్టి ఒక్కొక్కళ్ళకీ ఓపిగ్గా చూపించాడు. రెండు రకాల ఎర్ర మకావ్‌లు ఉంటాయండీ, రెక్క మీద పసుపు పట్టీ ఉంటే స్కార్లెట్, అక్కడ ఆకుపచ్చ ఉంటే రెడ్ అండ్ గ్రీన్, ఇది తెలిశాక చూడ్డం ఇంకో లెవెల్. మట్టి ఎందుకు తింటాయని అడిగితే, సముద్రం నుంచి వచ్చే ఉప్పు ఇంత లోపలికి చేరదు, ఇక్కడి పళ్ళల్లో గింజల్లో సోడియం చాలా తక్కువ, ఆ మట్టిలో ఉంది కాబట్టి దానికోసం వస్తాయి అన్నాడు. గింజల్లో ఉండే విషాన్ని మట్టి విరిచేస్తుందని ఇంకో వాదన కూడా ఉందంట. పిల్లల్ని పెంచే టైంలో ఇంకా ఎక్కువ వస్తాయంట, పిల్లలకి కూడా మట్టి పెడతాయి.

పక్క గ్రూప్ వాళ్ళు గట్టిగా మాట్లాడుతూ డ్రోన్ తీయబోతే మా గైడే వెళ్ళి మర్యాదగా ఆపించాడు. వాళ్ళ గైడ్ మాత్రం పట్టించుకోకుండా ఫోన్ చూస్కుంటున్నాడు, అందుకే చెప్తున్నా, లాడ్జిలో హ్యామక్ ఉందా స్విమ్మింగ్ పూల్ ఉందా అని కాదు, గైడ్ ఎవరు, స్కోప్ తెస్తాడా, గ్రూప్‌లో ఎంతమంది అని మెయిల్‌లో అడిగి తేల్చుకున్నాకే డబ్బులు కట్టండి.

వాన పడితే పక్షులు గట్టు మీదకి రావు, దానికి ఎవరూ ఏం చెయ్యలేరు, కాబట్టి ఒక్క పొద్దుటికే ప్లాన్ చెయ్యొద్దు, ఇంకో పొద్దు చేతిలో ఉంచుకోండి. గట్టుకి దగ్గర్లో ఉన్న లాడ్జిలు రేటు ఎక్కువే కానీ పడవ ప్రయాణం బాగా తగ్గుతుంది, పెద్దవాళ్ళని తీస్కెళ్తే అదే బెటర్.

తిండి ఓకే. వెజ్ అని ముందే చెప్తే అన్నం, బీన్స్, వేయించిన అరటికాయ పెట్టారు, కారప్పొడి మనం పట్టుకెళ్ళాలి. దోమల మందు, ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు మర్చిపోవద్దు, ఎల్లో ఫీవర్ టీకా గురించి ట్రిప్‌కి చాలా ముందే డాక్టర్‌ని అడగండి.

ఆ ప్రాంతంలో బంగారం తవ్వకాలకి అడవి ఎంత పోయిందో విమానం కిటికీలోంచే కనిపిస్తుంది, బూడిద రంగు గుంటలు. మకావ్‌లు గూడు పెట్టుకునే షిహువాహువాకో చెట్లని కలప కోసం కొట్టేస్తున్నారు, తొర్ర పడేంత పెద్దగా అవ్వాలంటే ఆ చెట్టుకి వందల ఏళ్ళు పడుతుంది. ఆ ఊరి కుర్రాళ్ళకి గైడ్ పనిలో మంచి జీతం వస్తే అడవి నిలబడటానికి ఒక కారణం ఉంటుంది, టిప్పు దగ్గర బేరాలాడకండి ప్లీజ్.