చిరుతపులి లేని సినిమా

డగ్లస్ ఆడమ్స్ రాసిన 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' నవల మొదట్లోనే ఒక ముచ్చట ఉంది. బైపాస్ రోడ్డు కోసం కథానాయకుడు ఆర్థర్ డెంట్ ఇల్లు కూల్చడానికి కౌన్సిల్ వాళ్ళు బుల్‌డోజర్లతో దిగుతారు. ప్లాన్లు అందరూ చూడటానికి ఎప్పుడో పెట్టాం కదా అంటాడు అధికారి. పెట్టారు, నిజమే. సెల్లార్‌లో. అక్కడ లైట్లు లేవు, మెట్లూ లేవు. తాళం వేసిన బీరువా అడుగున ఉన్నాయి. ఆ బీరువా ఎవరూ వాడని మరుగుదొడ్డిలో ఉంది. దాని తలుపు మీద, చిరుతపులి ఉంది జాగ్రత్త అని బోర్డు. ఆ పేజీ పదిసార్లైనా చదివుంటాను. ప్రతిసారీ నవ్వొచ్చేది చిరుతపులి దగ్గరే, సెల్లార్ దగ్గర కాదు.

2005లో గార్త్ జెన్నింగ్స్ అదే పేరుతో తీసిన సినిమాలో ఈ సంభాషణ సెల్లార్ దాకా వచ్చి ఆగిపోతుంది. చిరుతపులి రాదు. మొదటిసారి చూసినప్పుడు అక్కడే నాకు మూడ్ పోయింది. మిగతా సినిమా అంతా తప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అలా చూస్తే ఏ సినిమా మాత్రం బాగుంటుంది? ఈమధ్య తమ్ముడితో కలిసి మళ్ళీ చూశాను. వాడు ఆ నవల ముట్టుకోనైనా లేదు. వాడు ఎక్కడ నవ్వాడో, ఎక్కడ ఫోన్ తీశాడో గమనిస్తే తెలిసింది, నా కోపంలో సగం న్యాయం, సగం వట్టి పంతం.

ముందు పంతం సంగతి. "పుస్తకాన్ని మార్చేశారు" అని నాలాంటి వాళ్ళం చాలామందిమి గోల పెట్టాం. అసలు ఈ కథని డగ్లస్ ఆడమ్స్ మార్చకుండా ఉంచిందెప్పుడు? 1978లో బీబీసీ రేడియో నాటకం, 1979లో నవల, 1981లో టీవీ సీరియల్, 1984లో కంప్యూటర్ గేమ్. ఒకదాంట్లో జరిగింది ఇంకోదాంట్లో జరిగినట్టు ఉండదు. సినిమా స్క్రీన్‌ప్లే మీదా ఆయనే ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. 2001లో, 49 ఏళ్ళకే గుండెపోటుతో పోయాక కేరీ కిర్క్‌ప్యాట్రిక్ దాన్ని పూర్తి చేశాడు. నవలలో లేని ఆ మతగురువు హుమ్మా కవూలా పాత్రని సృష్టించింది కూడా ఆడమ్సే. నేను "ఇదెక్కడి చెత్త" అని తిట్టుకున్నది ఆయన రాతనే అన్నమాట.

పైగా సినిమాలో బాగా పేలినవి కొత్తగా పెట్టినవే. భూమిని కూల్చేసిన గ్రహాంతరవాసులు వోగన్లు. వాళ్ళ గ్రహం చూడండి. ఇసుక నేల. ఆర్థర్, వాడితో ఉన్నవాళ్ళు నడిచి వెళుతుంటారు. ఎవరికైనా బుర్రలో ఆలోచన మెరిసిందా, నేలలోంచి తెడ్డులాంటిది లేచి మొహం మీద ఛెళ్ళున కొడుతుంది. ఇదేంటా అని ఆలోచిస్తే ఇంకోటి. వోగన్లు ఎందుకంత బండగా, ఫైలు తప్ప ఏమీ ఎరగనివాళ్ళుగా తయారయ్యారో ఎవరూ లెక్చర్ ఇవ్వక్కర్లేదు, చెంపదెబ్బలే చెప్పేస్తాయి. తమ్ముడు సోఫాలోంచి కిందికి జారాడు. ఆ వోగన్లని జిమ్ హెన్సన్ క్రీచర్ షాప్ వాళ్ళు చేశారు. కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు కాకుండా నిజంగా సెట్లో నిలబడ్డ భారీ శరీరాలు కాబట్టి ఆ వేలాడే చర్మానికి ఒక బరువుంది. తర్వాత ఆర్థర్ మనసు పడ్డ అమ్మాయి ట్రిలియన్‌ని వోగన్ల నుంచి విడిపించడానికి ఫారాలు, క్యూ. ఆ క్యూలో పాత టీవీ సీరియల్‌లోని మార్విన్ రోబో బొమ్మ నిలబడి ఉంటుంది. తమ్ముడికి అది కనపడనే లేదు. నేను మాత్రం చిన్నపిల్లలా కేక వేశాను.

ఇక న్యాయం సంగతి. ఆడమ్స్ హాస్యం వాక్యం పొడుగులో ఉంటుంది. తిన్నగా, గంభీరంగా, ఆఫీసు నోటీసులా సాగి సాగి, ఆఖరి మాటలో కాలు జారుతుంది. ఆ పొడుగు కత్తిరిస్తే మిగిలేది ఉత్త సమాచారం. దీనికి రుజువు సినిమాలోనే ఉంది. ఆకాశంలో ఉన్నట్టుండి పుట్టిన తిమింగలం నేలమీదికి పడుతూ, గాలికో పేరు, నేలకో పేరు పెట్టుకుని, ఆ నేల తనతో స్నేహం చేస్తుందేమోనని ఆశపడే ఘట్టాన్ని దాదాపు పుస్తకంలో ఉన్నట్టే తీశారు. తమ్ముడు ఫోన్ పక్కన పెట్టి చూశాడు. నవ్వి, వెంటనే "అయ్యో పాపం" అన్నాడు. అంటే ఆ వాక్యాలని వాటి మానాన వదిలేస్తే కొత్తవాళ్ళకీ పనిచేస్తాయి. అదే తువ్వాలు విషయంలో "అక్కా, ఈ తువ్వాలు గొడవేంటి?" అని అడిగాడు. అంతరిక్షంలో తిరిగేవాడికి తువ్వాలంత పనికొచ్చే వస్తువు లేదని నవలలో దానికో పేజీ ఉంది. నేను పాజ్ చేసి మొత్తం చెప్పాల్సి వచ్చింది. పాజ్ చేసి వివరించాల్సిన కామెడీ ఏం కామెడీ?

నటుల్లో ఆర్థర్‌గా వేసిన మార్టిన్ ఫ్రీమన్‌కి వంక పెట్టలేం. భూమి పోయినా టీ దొరకలేదని దిగులుపడే మనిషి అచ్చం అలాగే ఉంటాడు. అలన్ రిక్‌మన్ గొంతులో మార్విన్ నీరసం బ్రహ్మాండం. బిల్ నై ఉన్నది కాసేపే, కానీ గ్రహాలు తయారుచేసే కార్ఖానా చూపిస్తూ సిగ్గుపడుతూ మాట్లాడే తీరు కోసం ఇంకోసారి చూడొచ్చు. రెండు తలల గెలాక్సీ అధ్యక్షుడు జాఫోడ్‌గా సామ్ రాక్‌వెల్ అరుపులు నాకు అరగంటకే తలనొప్పి. తమ్ముడికి వాడే హీరో.

హుమ్మా కవూలా తుపాకీ తెమ్మని పంపిస్తాడు, పూచీగా జాఫోడ్ రెండో తల ఉంచేసుకుంటాడు. ఆ తర్వాత ఆ మనిషి ఊసే లేదు. రెండో భాగం కోసం దాచారేమో, అది రానేలేదు. ఆ టైమంతా ఆర్థర్, ట్రిలియన్ల ప్రేమకి పెట్టారు. ప్రేమ ఉండకూడదని కాదు, మామూలు ప్రేమ ఉండకూడదు. విశ్వంలో ఏదైనా జరగొచ్చు అనే కథ చివరికి అబ్బాయికి అమ్మాయి దక్కడం దగ్గర తేలితే చప్పగా ఉండదూ? మార్కులు వెయ్యమంటే ఐదుకి మూడు. మొదటిసారి ఒకటిన్నర వేసేదాన్ని.

చివర్లో వాళ్ళ అంతరిక్ష ఓడ మళ్ళీ బయల్దేరుతూ రకరకాల ఆకారాల్లోకి మారిపోతుంది. అందులో ఒక్క క్షణం మనిషి ముఖం. తమ్ముడు అప్పటికే లేచి నిలబడ్డాడు. వెనక్కి తిప్పి, సరిగ్గా ఆ ముఖం దగ్గర ఆపాను.

"ఎవరక్కా ఈయన?" అన్నాడు.

"రాసినాయన," అన్నాను.