అల్పైన్ లినక్స్‌తో మూడు నెలలు

నాది 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్. గో లాంగ్వేజ్‌లో సర్వర్లు రాయడం, అప్పుడప్పుడు పైథాన్, కాస్త సీ, ఇదీ నా పని. ఇంతకుముందున్న సిస్టమ్‌లో ఎడిటర్, బ్రౌజర్ తెరిచేసరికే స్వాప్ (ర్యామ్ చాలక డిస్క్‌ని వాడుకోవడం) మొదలై డిస్క్ గరగరలాడేది. నేను రాసే సర్వీసులు కంటైనర్లలో (ప్రోగ్రామ్‌నీ దానికి కావలసినవాటినీ కలిపి విడిగా నడిపే డబ్బాలు) నడిచేది ఎలాగూ అల్పైన్ అనే చిన్న లినక్స్ సిస్టమ్ ఇమేజ్‌ల మీదే కదా, దాన్నే ల్యాప్‌టాప్‌లోనూ పెట్టేశాను.

ఇన్‌స్టాల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) లాగినై సెటప్-అల్పైన్ అని కొడితే కీబోర్డు, నెట్‌వర్క్, డిస్క్ గురించి వరసగా అడుగుతుంది. డెస్క్‌టాప్ వేయకముందు మెమరీ చూస్తే వంద ఎంబీ కూడా వాడట్లేదు. ఆ తర్వాత ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ వేసుకున్నాను. కమ్యూనిటీ రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే చోట్లలో ఒకటి) ఆన్‌లో ఉందో లేదో మాత్రం చూసుకోండి, డెస్క్‌టాప్‌కి కావలసినవి చాలావరకు అందులోనే ఉంటాయి.

నాకు బాగా నచ్చింది వేగం కాదు, వరల్డ్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు. నేను కావాలని అడిగి వేయించుకున్న ప్యాకేజీల పేర్లు మాత్రమే అందులో ఉంటాయి, వాటి వెనక వచ్చినవి ఉండవు. ఏదైనా తీసేస్తే, దానికోసం వచ్చి ఇంకెవరికీ అక్కర్లేనివి కూడా వెళ్లిపోతాయి. ఒక లైబ్రరీని బిల్డ్ చేయడానికి కంపైలర్, హెడర్ ఫైళ్లు అన్నీ కలిపి వర్చువల్ ప్యాకేజీగా ఒక పేరు పెట్టి వేశాను. పనయ్యాక ఆ ఒక్క పేరు తీసేస్తే మొత్తం ఊడ్చినట్టు పోయింది. నా మెషీన్‌లో ఏముందో, ఎందుకుందో నాకు ఇంత స్పష్టంగా ఎప్పుడూ తెలియదు.

ఇక అసలు ఇబ్బంది. దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే సీ లైబ్రరీ, అల్పైన్‌లో చాలా లినక్స్‌లలో ఉండే జీలిబ్‌సీ కాదు, మజల్ అనే చిన్నది. 2014లో వచ్చిన 3.0 నుంచీ ఇంతే. జీలిబ్‌సీ కోసం కంపైల్ చేసిన బైనరీలు (నేరుగా నడిపే ప్రోగ్రామ్ ఫైళ్లు) చాలావరకు ఇక్కడ నడవవు. పైథాన్‌లో మజల్ కోసం విడిగా వీల్స్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీలు) ఇచ్చే పద్ధతి 2021లోనే వచ్చింది, పేరున్న లైబ్రరీలు చాలావరకు ఇస్తున్నాయి. నాకు కావలసిన ఒకటి మాత్రం ఇవ్వలేదు. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్, దాని సోర్సు దింపుకుని కంపైల్ మొదలుపెట్టింది. నాలుగు కోర్లూ ఒకేసారి పనిలోకి దిగేసరికి ర్యామ్ చాలక మధ్యలోనే ఆగిపోయింది. ఒక్క కోర్‌కి తగ్గించి మళ్లీ నడిపితే నలభై నిమిషాలు పట్టింది.

రెండోది నాకు పాఠం నేర్పింది. సీలో రాసిన చిన్న ప్రోగ్రామ్ ఒకటి, పాత సిస్టమ్‌లో ఏళ్లుగా నడుస్తున్నది, ఇక్కడ మొదలవగానే సెగ్‌ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకి ఆగిపోవడం). జీడీబీ అనే డీబగ్గర్‌లో చూస్తే థ్రెడ్ ఫంక్షన్ మొదట్లోనే పడిపోతోంది. అందులో 256 కేబీ బఫర్‌ని లోకల్ వేరియబుల్‌గా పెట్టి ఉంచాను. మజల్ కొత్త థ్రెడ్‌కి మామూలుగా ఇచ్చే స్టాక్ (లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీ) 128 కేబీ, జీలిబ్‌సీలో సాధారణంగా 8 ఎంబీ దొరుకుతుంది. బఫర్‌ని మాలక్‌కి (స్టాక్ బయట మెమరీ తీసుకునే ఫంక్షన్) మార్చాను, సరిపోయింది. తప్పు నా కోడ్‌లోనే ఉంది, ఇన్నాళ్లూ బయటపడలేదంతే. ఇలాంటిది కంటైనర్‌లో, అర్ధరాత్రి బయటపడటం కంటే నా టేబుల్ మీద బయటపడటమే నయం.

మజల్ ఒప్పుకోని పని ఉంటే జీలిబ్‌సీ వాడే డెబియన్ లినక్స్ కంటైనర్ తెరిచి అందులో చేస్తున్నాను. కంటైనర్‌కి కావలసింది కెర్నల్ ఒక్కటే కాబట్టి కింద అల్పైన్ ఉన్నా దానికి పట్టదు. నేను వాడే గ్రాఫికల్ ఎడిటర్ బైనరీ నడవలేదు, టెర్మినల్‌లో నడిచే నియోవిమ్‌కి మారాను. మొదటి వారం చేతులు తడబడ్డాయి, ఇప్పుడు అలవాటైంది. మ్యాన్ పేజీలు (కమాండ్లు ఎలా వాడాలో చెప్పే పేజీలు) కూడా విడి ప్యాకేజీలే, డాక్స్ అనే ప్యాకేజీని మొదటిరోజే వేసుకోండి. నెట్ లేని చోట అవసరం పడితే తెలుస్తుంది దాని విలువ. బ్రౌజర్ విషయంలో ఆశ పెట్టుకోవద్దు. ఫైర్‌ఫాక్స్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే కింద ఏ సిస్టమ్ ఉన్నా అంతే ర్యామ్ తింటుంది.

గో, రస్ట్, షెల్ పని చేసేవాళ్లు, కంటైనర్లతో రోజూ మెలిగేవాళ్లు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. రోజంతా పైథాన్‌తో డేటా పనిచేసేవాళ్లకైతే నేను చెప్పను, ఆ వీల్స్ కోసమే సగం రోజు పోతుంది. నా వరల్డ్ ఫైల్లో ఈరోజుకి నలభై ఒక్క పేర్లున్నాయి, ప్రతిదీ ఎందుకు వేశానో చెప్పగలను.