కోటు మీద మూత్రం మరక: ఇంట్లో వెనిగరా, డ్రై క్లీనింగా?

ఖర్చు: వెనిగర్ సీసా చవక. డ్రై క్లీనింగ్‌కు వందల్లో అవుతుంది.

శ్రమ: ఇంట్లో అయితే ముందు పొడి నూలుగుడ్డతో తడి పీల్చాలి. ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతుల చన్నీళ్లు కలిపి, లోపలి కుట్టు దగ్గర రంగు పోతుందేమో చూసి, మరక అంచు నుంచి మధ్యకు అద్దండి. పది నిమిషాలాగి చన్నీళ్ల గుడ్డతో మళ్లీ అద్ది, నీడలో హ్యాంగర్‌కు ఆరేయండి. రుద్దితే ఉన్ని అట్టకడుతుంది. ఇస్త్రీ తగిలితే మరక పాతుకుపోతుంది. బ్లీచ్ వద్దే వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది.

డ్రై క్లీనింగ్‌లో చిక్కు: మూత్రపు లవణాలు నీళ్లలో కరుగుతాయి, అక్కడి ద్రావకంలో సరిగా కరగవు. ఏం మరకో సిగ్గుపడకుండా చెప్పి, ముందు దాన్ని విడిగా తీయమనండి. లేదంటే వాసన అలాగే తిరిగొస్తుంది.

పసిపిల్లాడు ఇప్పుడే తడిపిన కాటన్, పాలిస్టర్ కోటుకు వెనిగర్ చాలు. లైనింగ్, భుజం ప్యాడ్లు ఉన్న ఉన్ని కోటైతే, మరక ఎండి పసుపు తేలితే, షాపుకే ఇవ్వండి.