రీఫ్-రాయిడ్స్ కోరల్ ఫుడ్: మంచి పొడే, చెయ్యి జారితే నాచే

పాలిప్‌ల్యాబ్ కంపెనీ వాళ్ల ఈ ప్లాంక్టన్ (నీటిలో తేలే చిట్టి జీవుల) పొడి, ఉప్పునీటి ట్యాంకులో పెంచే కోరల్స్‌కి, అంటే పగడాలకి, వేసే మేత. గోనియోపోరా, జోయాంథిడ్లు అనే రకాలకి బాగా సరిపోతుంది. సన్ కోరల్‌కి మాత్రం చాలదు, దానికి మైసిస్ రొయ్యలు పెట్టాల్సిందే. చాలా కోరల్స్‌కి అసలు తిండి వెలుతురే, వాటి ఒంట్లో ఉండే ఆల్గే (సూక్ష్మమైన నాచు) దాంతో వండిపెడుతుంది. లైటు బాగోలేని ట్యాంకుని ఈ డబ్బా కాపాడదు.

200 లీటర్లకి పావు టీస్పూను, వారానికి రెండుసార్లు. కొత్తవాళ్లు అందులో సగంతో మొదలుపెట్టండి. ట్యాంకు నీళ్లే 30 మిల్లీలీటర్లు తీసుకుని, అందులో కలిపి ఐదు నిమిషాలు నాననివ్వాలి. ముందు చేపలకి, రొయ్యలకి మేత వేసేయండి, లేకపోతే కోరల్ నోటి దగ్గరి ముద్దని లాక్కుపోతాయి. రిటర్న్ పంపు (ఫిల్టర్ నీళ్లని ట్యాంకులోకి తిరిగి పంపేది), వేవ్‌మేకర్ (అలలు పుట్టించేది), స్కిమ్మర్ (నురగతో మురికి తీసేది) ఆపి, పైపెట్‌తో పాలిప్‌ల (కోరల్ మీద పువ్వుల్లా విచ్చుకునే నోళ్ల) మీద మెల్లగా వదలాలి. గట్టిగా చిమ్మితే ముడుచుకుంటాయి. పదిహేను నిమిషాలకి పంపులు, గంటకి స్కిమ్మర్ వేయండి. చెన్నై ఎండల్లో వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువ, అందుకే పంపులు ఇంకా ఎక్కువసేపు ఆపొద్దు.

అసలు చిక్కు ఫాస్ఫేటు. తినకుండా మిగిలిన పొడి రాళ్ల సందుల్లో కుళ్లి, దాన్ని పెంచి, ముందు నాచు, తర్వాత సయానో (జిగురు పొరలా పరుచుకునే బాక్టీరియా) తెస్తుంది. ఫాస్ఫేటు 0.1 పీపీఎం (లీటరుకి 0.1 మిల్లీగ్రాము) దాటితే వారానికి ఒక్కసారికి తగ్గించండి.

ఇక్కడి ఉక్కకి తడి చెంచా ఒక్కసారి తగిలినా డబ్బా గడ్డకడుతుంది. చిన్న ట్యాంకుకి చిన్న డబ్బానే కొనండి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి.