డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3: ఇంటి వైఫైకి ఏది మేలు?

2004లో వచ్చిన వైఫై భద్రతా ప్రమాణం డబ్ల్యూపీఏ2 అసలు బలహీనత సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌లో లేదు, పాస్‌వర్డును సరిచూసే తీరులో ఉంది. ఫోను రూటరుకు కలిసేటప్పుడు సాగే నాలుగు సందేశాల మార్పిడిని దగ్గరలో ఉన్నవాడెవడైనా పట్టుకుని, తన కంప్యూటర్‌లో తీరిగ్గా కోట్ల పాస్‌వర్డులు ప్రయత్నించి చూడగలడు. ఫోను నంబరునే పాస్‌వర్డుగా పెట్టుకున్న ఇళ్లకు ఇది నిజమైన ప్రమాదం. పది అంకెలు ఎంతోసేపు నిలవవు.

2018లో ప్రకటించిన తర్వాతి ప్రమాణం డబ్ల్యూపీఏ3 ఆ దారి మూసింది. ప్రతి ఊహనూ రూటరుతోనే నేరుగా తేల్చుకోవాలి. పాస్‌వర్డు తర్వాత ఎప్పుడో బయటపడినా, అంతకుముందు పట్టి దాచుకున్న సమాచారాన్ని దాంతో విప్పలేరు. 2019లో ఇందులోనూ ‘డ్రాగన్‌బ్లడ్’ లోపాలు బయటపడ్డాయి, సవరణలూ వచ్చాయి. పరికరాలు సహకరిస్తే నా ఓటు దీనికే. పాత ఫోన్లుంటే రెండూ కలిసిన మోడ్ తప్పదు; డబ్ల్యూపీఏ2తో కలిసే పరికరం ఒక్కటున్నా పాత ప్రమాదం అలాగే ఉంటుంది కాబట్టి పాస్‌వర్డు పొడవుగా, ఊహకు అందనిదిగా పెట్టండి.