వరంగల్ రోడ్డులో ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగక్కర్లేదు

ఉప్పల్ దాటి వరంగల్ హైవే ఎక్కే ఫ్యామిలీల్లో చాలామంది యాదగిరిగుట్ట దర్శనం చేసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. దసరా సెలవుల్లో మేం గుట్టకు పోకుండా ఆ చుట్టుపక్కల ఊళ్లు చూసుకుంటూ ములుగు దాకా వెళ్లాం. కారులో మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ఒక్కచోట కుదురుగా ఉండని మా చిన్నోడు. ఏ ఊరు బాగుందో తేల్చింది వాళ్లిద్దరే.

మొదట పోచంపల్లి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఇదొకటి. ఆ పేరు విని ఏదో ఊహించుకుని వెళ్తే మెయిన్ రోడ్డు మీద కనిపించేది చీరల షాపులే. లోపలి గల్లీల్లోకి నడవాలి. మగ్గం చప్పుడు వినిపించిన ఇంటి ముందు ఆగితే, ఆ ఇంటావిడ మా అమ్మతో "కూసో అక్కా, చాయ్ తాగి పోదువు" అంది. ఇక్కడ నూలుకు ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు, డిజైన్ దారంలోనే పడిపోతుంది, నేత ఆ తర్వాత. అందుకే అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింట్ చీర తిరగేస్తే వెలిసినట్టు కనిపిస్తుంది. కొనేముందు ఇదొక్కటి చూసుకోండి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1951లో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చి భూదానానికి తెర తీసింది కూడా ఈ ఊళ్లోనే.

భువనగిరి కోట ఏకశిల మీద ఉంది. ఎక్కితే పొద్దున్నే ఎక్కాలి, ఎండెక్కాక బండ కాలిపోతుంది. పెద్దవాళ్లుంటే కింద నుంచే చూసి కదలడం మేలు. ఆలేరు దగ్గర కొలనుపాక మాత్రం అమ్మకు బాగా నచ్చింది. జైన మందిరం, పచ్చరాతి మహావీరుడి విగ్రహం, పెద్దగా మెట్లెక్కే పని లేదు, హడావుడి లేదు. అక్కడే పాత సోమేశ్వరాలయం కూడా ఉంది. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి పని చూడొచ్చు, అరగంట చాలు.

రాత్రికి హనుమకొండలో ఒక లాడ్జిలో దిగాం. ఫోన్లో ఫ్యామిలీ రూమ్ అన్నారు, తీరా వెళ్తే అదనపు పరుపుకు వేరే డబ్బులడిగారు. పొద్దున వేడినీళ్లు రావడానికి ఎనిమిదైంది. బుక్ చేసేటప్పుడే ఈ రెండూ తేల్చుకోండి.

దూరమైనా రామప్ప వదలకండి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పునాదిలో ఇసుక, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. గైడును తప్పకుండా పెట్టుకోండి. మనంతట మనమే తిరిగితే స్తంభాలు, ఏనుగులు చూసి బయటికొచ్చేస్తాం. ఎత్తుమడమల చెప్పులేసుకున్న మదనికను, అంటే అక్కడి ఆడమనిషి శిల్పాన్ని, గైడ్ చూపించాక మా చిన్నోడు మిగతా బొమ్మల కాళ్లన్నీ వెతకడం మొదలుపెట్టాడు. వాణ్ని బయటికి తేవడమే కష్టమైంది. నల్లరాతి నునుపు చూస్తే ఎనిమిది వందల ఏళ్ల పని అంటే నమ్మబుద్ధి కాదు. మధ్యాహ్నం మాత్రం వద్దు, చెప్పులు విడిచి నడవాలి కాబట్టి పాదాలు చుర్రుమంటాయి.

లక్నవరం చెరువు, వేలాడే వంతెన ఫొటోల్లో ఎంత బాగుంటాయో ఆదివారం అంత విసుగు తెప్పిస్తాయి. వంతెన మీద సెల్ఫీల వాళ్లను తప్పించుకుంటూ నడవడమే సరిపోయింది, బోటు కోసం పెద్ద క్యూ. మామూలు రోజు కుదిరితేనే వెళ్లండి, లేదంటే ఆ టైమ్ రామప్పకే ఇవ్వండి.

తిరుగు దారిలో రోడ్డు పక్కన సీతాఫలాలు బుట్టల్లెక్కన అమ్ముతుంటారు, ఊళ్లు దాటకముందే బేరమాడి కొనండి. గచ్చిబౌలి వైపు వెళ్లేవాళ్లు ఘట్‌కేసర్ దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేస్తే ఉప్పల్ ట్రాఫిక్ తప్పుతుంది.