మూడు పొరల గింజ సంచి: పప్పు గింజలకు ధైర్యంగా కొనండి, మొక్కజొన్నకు మాత్రం ఒక షరతు

గింజ నిల్వ చేసుకునే మూడు పొరల సంచి గురించి రాస్తున్నాను. కొందరు గాలి చొరబడని సంచి అంటారు, కొందరు పిక్స్ సంచి అంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అలసందలు, పెసలు, కందులు లాంటివి పండించే చిన్న రైతు ఎవరైనా సరే, వచ్చే కోత లోపల ఒక్క సంచైనా కొని పెట్టుకోవాలి. మొక్కజొన్న రైతు మాత్రం గింజ ఆరబెట్టుకునే చోటు ఉందో లేదో చూసుకుని కొనాలి. ఆ చోటు లేకపోతే సంచి కన్నా ముందు గింజ ఆరబోసుకోవడానికి మంచి టార్పాలిన్ పట్టా కొనండి.

వస్తువు చాలా సాదాగా ఉంటుంది. ఒకదాంట్లో ఒకటి దూర్చిన రెండు పాలిథిన్ సంచులు, ఒక్కొక్కటి 80 మైక్రాన్ల మందం. వాటి మీద ఎరువుల బస్తాకి వాడే రకం నేసిన సంచి. బయటిది బరువు మోయడానికే, అసలు పని లోపలి రెండింటిదీ. 50 కిలోలు, 100 కిలోలు పట్టే సైజుల్లో దొరుకుతాయి. లోపల మందు ఏమీ ఉండదు. మరి మందు లేకుండా పురుగు ఎలా చస్తుందని నాకూ అనుమానం వచ్చింది. అది అర్థమయ్యాకే దీని మీద నమ్మకం కుదిరింది.

పురుగు ఇంట్లో పుట్టదు, పొలం నుంచే వస్తుంది. అలసంద కాయ చెట్టు మీద ఎండుతున్నప్పుడే పెంకు పురుగు వచ్చి గుడ్లు పెట్టి పోతుంది. పిల్ల పురుగు గింజలోకి తొలుచుకుని పోయి లోపలే తిని పెరుగుతుంది. దాదాపు నెలకల్లా గుండ్రటి కన్నం చేసుకుని బయటికొచ్చి పక్క గింజల మీద మళ్లీ గుడ్లు పెడుతుంది. అందుకే ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా, గింజని ఎంత చెరిగి పోసుకున్నా కొన్ని నెలల్లో సంచి అడుగున పిండి కనిపిస్తుంది. ఈ మూడు పొరల సంచిలో గింజ పోసి బిగించి కడితే, ఆ పురుగులే ఊపిరి పీల్చుకుంటూ లోపలున్న ఆక్సిజన్‌ని అవగొడతాయి. కొత్త గాలి రాదు. తిండి మానేస్తాయి, పెరుగుదల ఆగిపోతుంది. ఎండు గింజలో పురుగుకి తాగడానికి నీళ్లు దొరకవు కదా, తిన్నదాన్ని ఆక్సిజన్‌తో అరిగించుకున్నప్పుడు ఒంట్లో తయారయ్యే నీటితోనే అది బతుకుతుంది. ఆక్సిజన్ ఆగితే ఆ నీళ్లూ ఆగిపోతాయి. చివరికి ఒళ్లు ఎండిపోయి చస్తుంది.

సంచిని నిండుగా పోయమని ఎందుకు చెబుతారో దీన్నిబట్టే తెలుస్తుంది. సగం గింజ పోసి మూతి కడితే లోపల గాలి ఎక్కువుంటుంది. అది అయ్యేదాకా పురుగు తింటూనే ఉంటుంది. వారం వారం విప్పి కాసిని గింజలు తీసుకుని మళ్లీ కట్టినా అంతే, ప్రతిసారీ దానికి కొత్తగా ఊపిరి పోసినట్టే. రోజూ తీసుకునే గింజని వేరే డబ్బాలో ఉంచుకుని, సంచిని మాత్రం కనీసం రెండు నెలలు కదపకూడదు.

అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త లారీ మర్డాక్, ఆయనతో పనిచేసినవాళ్లు 1980ల చివర్లో కామెరూన్‌లో అలసంద రైతుల కోసం ఈ పద్ధతి తయారుచేశారు. 2007 నుంచి గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల్లో పల్లెపల్లెకీ తీసుకెళ్లారు. వాళ్లు చూపించిన తీరు నాకు బాగా నచ్చింది. ఊళ్లో అందరి ముందూ గింజ పోసి కట్టేవాళ్లు, కొన్ని నెలల తర్వాత మళ్లీ అందరి ముందే విప్పేవాళ్లు. రైతు కళ్లారా చూస్తే తప్ప కొనడు. ఈ వస్తువుకి అంతకన్నా మంచి ప్రచారం ఉండదు.

నేను కూడా అలాగే చూశాను. ఒకే పంటలోంచి కొంత ఈ సంచిలో, కొంత మామూలు గోనె సంచిలో పోసి పక్కపక్కనే ఉంచాను. కొన్ని నెలలయ్యాక విప్పితే గోనె సంచిలోని అలసందలు పట్టుకుంటే పిండి రాలింది, గింజ గింజకీ కన్నాలు. ఈ సంచిలో చచ్చిన పురుగులు అక్కడక్కడ కనిపించాయి గానీ గింజ పోసిననాటిలాగే ఉంది. అందులోంచే విత్తనం వేశాను, మొలక బాగా వచ్చింది. సొంత విత్తనం దాచుకునేవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు. విత్తే వేళకి పుచ్చు గింజలు మిగిలితే అప్పు చేసి విత్తనం కొనాలి, ఆ అప్పుతోనే సీజన్ మొదలవుతుంది.

ఇంకో సంగతి నాకు డబ్బు కన్నా ముఖ్యం. పురుగు పట్టకుండా చాలా ఇళ్లలో గింజల మధ్య అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడుతున్నారు. తేమ తగిలితే వాటిలోంచి ఫాస్ఫిన్ అనే విషవాయువు వస్తుంది. అది మనుషుల్ని చంపుతుంది. పిల్లలు పడుకునే గదిలోనే బస్తాలు పేర్చుకునే కుటుంబాలకి ఆ బిళ్లలు అమ్మడం తప్పు. ఈ సంచి ఆ బెడదని ఇంట్లోంచి పూర్తిగా తీసేస్తుంది.

ఇక మొక్కజొన్న. సంచి మంచిదే, కష్టమంతా గింజలోని తేమతో. ఈ పొరల్లోంచి బయటి తేమ లోపలికి రాదు, లోపలి తేమ బయటికి పోదు. పచ్చి గింజ పోసి కడితే ఆ తడి అక్కడే ఉండిపోతుంది. బూజు పడుతుంది, మొలక చస్తుంది. బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం వచ్చే ప్రమాదం ఉంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వండినా పోదు. 2004లో తూర్పు కెన్యాలో తడి ఆరకుండా నిల్వచేసిన మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడ్డారు, 125 మంది చనిపోయారు. అందుకే తేమ 13 శాతం దగ్గరికి దిగేదాకా సంచి జోలికి పోకూడదు.

తేమ కొలిచే మీటరు లేనివాళ్లకి ఉప్పు పరీక్ష ఉంది. బాగా ఆరిన గాజు సీసాలో కాస్త పొడి ఉప్పు, గుప్పెడు గింజలు వేసి కొన్ని నిమిషాలు గట్టిగా ఆడించాలి. కాసేపు కదపకుండా ఉంచాక ఉప్పు సీసా గోడలకి అంటుకుంటే గింజ ఇంకా తడిగా ఉన్నట్టే. అంటుకోకపోతే తేమ 15 శాతం లోపు ఉన్నట్టు. అంతమాత్రాన వెంటనే కట్టేయొద్దు, ఇంకోసారి మంచి ఎండ తగలనివ్వండి. నేల మీద పరిస్తే మట్టిలోని తేమా, బూజూ గింజకి ఎక్కుతాయి, పట్టా మీదే పోయాలి. కోత వేళ వానలు పట్టుకుంటే ఈ సంచి ఏమీ చేయలేదు. చిన్న రైతుకి సంచి అమ్మేవాళ్లు పట్టా, తేమ మీటరు కూడా కలిపి ఆలోచించాలి. పదిమంది కలిస్తే ఒక మీటరు కొనుక్కోవడం కష్టమేం కాదు.

ఎలుకల నుంచి కూడా ఇది కాపాడదు. గోడకి ఎడంగా, చెక్కల మీద పెట్టి చుట్టూ ఊడ్చి ఉంచుకోవాలి. మధ్య అమెరికా నుంచి ఆఫ్రికాకి చేరిన పెద్ద గింజ తొలుచు పురుగు ఉన్న ప్రాంతాల్లో అది ప్లాస్టిక్‌కే కన్నం పెట్టగలదు, అక్కడివాళ్లు పొరల్ని తరచుగా చూసుకోవాలి. ఎలుకల బెడద మరీ ఎక్కువుంటే రేకు గాదె మేలు. 1983 నుంచి హోండురాస్‌లో మొదలుపెట్టి మధ్య అమెరికా దేశాల్లో వాటిని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. ఏళ్ల తరబడి మన్నుతుంది, కాకపోతే ఒకేసారి పెద్ద మొత్తం పెట్టాలి. సంచి ఒక్కటొక్కటిగా కొనుక్కోవచ్చు, జాగ్రత్తగా వాడితే రెండు మూడు సీజన్లు వస్తుంది.

సంచి ఉన్నంత మాత్రాన రైతు గింజ దాచుకోగలడని కాదు. కోత కాగానే అప్పులవాళ్లు వస్తారు, పిల్లల ఫీజులుంటాయి. అందరూ ఒకేసారి అమ్మడంతో ధర పడిపోయి ఉంటుంది. ఆఫ్రికాలో చాలా మార్కెట్లలో కోత నాటి నుంచి గింజ కొరత నెలల దాకా మొక్కజొన్న ధర 25 నుంచి 40 శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదల రైతు చేతికి రావాలంటే ఆ మధ్య నెలలు గడవడానికి చేతిలో కాస్త డబ్బు ఉండాలి. నైజర్‌లో రైతు సంఘాలు దీనికి దారి చూపించాయి. గింజని ఉమ్మడి గిడ్డంగిలో పెట్టి రెండు తాళాలు వేస్తారు. ఒక తాళం చెవి సంఘం దగ్గర, ఇంకోటి అప్పిచ్చే సంస్థ దగ్గర ఉంటాయి. గింజ మీద అప్పు తీసుకుని, ధర వచ్చాక అమ్మి తీర్చేస్తారు. ఇలాంటి ఏర్పాటు పక్కనుంటే ఈ సంచి విలువ రెట్టింపవుతుంది. లేనిచోట విత్తనానికీ ఇంటి తిండికీ సరిపడా మాత్రమే కొనండి, అప్పు చేసి బోలెడు కొనొద్దు.

నాకు చేదు అనుభవం ఒక్కటే, అది కొన్న దగ్గర. ఒక దుకాణంలో తీసుకున్న సంచికి లోపలి పొర బాగా పల్చగా ఉంది, అడుగు అతుకు దగ్గర విడిపోయి ఉంది. తిరిగి తీసుకోమంటే వినలేదు. చూడ్డానికి ఒకేలా ఉండే నాసిరకాలు వస్తున్నాయి, వాటిలో గింజ పోస్తే పంట పోతుంది. అందుకని కొనేటప్పుడే లోపలి పొర రెండూ విడిగా తీసి, మూతి గుప్పిట్లో పట్టి గాలి నింపి నొక్కి చూడండి. ఎక్కడైనా గాలి బుస్సుమంటే అది పనికిరాదు. ఇంటికొచ్చాక కూడా గింజ పోసే ముందు మళ్లీ అలాగే చూసి, ముందు లోపలి పొరలో గింజ నింపి, గాలి బయటికి తోసి, మూతి మెలిపెట్టి, వంచి, రెండు చోట్ల గట్టిగా కట్టాలి. తర్వాత రెండో పొర, చివర బయటి సంచి, అన్నీ విడివిడిగా కట్టాలి. నింపిన సంచిని నేల మీద ఈడ్చొద్దు, ఇద్దరు పట్టి ఎత్తాలి. అమ్మేవాళ్లు ఒక్కసారి కట్టి చూపించినా చాలు, చాలామందికి ఇది అర్థమవుతుంది. గాలి నింపి చూడనివ్వని దుకాణంలో మాత్రం కొనకండి.